మైపాడు ఒడ్డున మెరుపుల ఫొటోలు: దగ్గరి పిడుగు తెల్లముద్దగా, దూరపు మెరుపు మసకగా వస్తోంది

పెన్నాగట్టు:
నా దగ్గరున్నవి నికాన్ డి5600, దాంతో వచ్చిన ఏఎఫ్-పి 18–55 లెన్స్, మామూలు ట్రైపాడ్. సముద్రం మీద మెరిసే మెరుపుల్ని నెల్లూరు దగ్గరి మైపాడు నుంచి తీయాలని చూస్తున్నా. ఐఎస్ఓ 800, ఎఫ్/3.5, 20 సెకన్లు పెడితే ఇవీ నా తిప్పలు:
దగ్గరి పిడుగు తెల్లటి ముద్దలా పడుతోంది. దూరపు మెరుపు పడినా అంచులు పదునుగా లేవు. ప్రతి ఫొటో తర్వాత తెర మీద 'జాబ్ ఎన్‌ఆర్' అని మెరుస్తూ కెమెరా 20 సెకన్లు పలకదు, మంచి మెరుపులన్నీ సరిగ్గా అప్పుడే పోతాయి. పావుగంటకల్లా లెన్స్ మీద జిడ్డులాంటి తెర కడుతోంది. ఏది ముందు సరిచేసుకోవాలి? అసలు ఏ నెలలో, ఏ దిక్కున చూడాలి?

వెలిగొండనీడ:
ముందు ఆ 'జాబ్ ఎన్‌ఆర్' సంగతి. అది లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్. ఫొటో ఎంతసేపు తీసిందో, మళ్లీ అంతసేపు షటర్ మూసుకుని చీకటి ఫ్రేము తీసి, నాయిస్‌ను (ఫొటోలో పడే చిన్న రంగుచుక్కల్ని) దాని సాయంతో తీసేస్తుంది. అంటే సగం కాలం కెమెరా గుడ్డిదే. షూటింగ్ మెనూలోకి వెళ్లి ఆఫ్ చేయండి. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు చేతి అదురును సర్దే ఆప్టికల్ వీఆర్ కూడా ఆఫ్. ఆ లెన్స్‌కు పక్కన మీట ఉండదు కాబట్టి దాన్నీ మెనూలోనే ఆపాలి.

ఇక వెలుగు. ఒక్కో మెరుపు దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా నిలవదు. షటర్ 5 సెకన్లు తెరిచినా 25 సెకన్లు తెరిచినా మెరుపు తీగకు పడే వెలుగు ఒకటే. దాన్ని అదుపు చేసేవి అపర్చరు (లెన్స్ లోపలి రంధ్రం; ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది), ఐఎస్ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలన్నది) మాత్రమే. షటర్ సమయం సముద్రానికి, ఆకాశానికి, ఒడ్డున దీపాలకు. ఈ రెండింటినీ విడదీసుకుంటే సగం పని అయిపోయినట్టే.

నేను మొదలుపెట్టమనేది ఇలా: 10–20 కి.మీ. దూరానికి ఐఎస్ఓ 100, ఎఫ్/8. 30 కి.మీ. దాటితే ఐఎస్ఓ 200, ఎఫ్/5.6. అంతకన్నా దూరమైతే ఐఎస్ఓ 400. తీగ చుట్టూ తెల్లటి వెలుగు పొంగి కొమ్మలు కనిపించకపోతే ఒక స్టాప్ మూయండి, అంటే వెలుగు సగానికి తగ్గించండి. మబ్బు వెలిగి తీగ పలచగా ఉంటే ఒక స్టాప్ తెరవండి. వెన్నెల లేని రాత్రి సముద్రం వైపు 15 సెకన్లు సరిపోతుంది. దక్షిణాన కృష్ణపట్నం పోర్టు దీపాలో, వెనక రొయ్యల గుంటల దీపాలో ఫ్రేములోకి వస్తే 6–8 సెకన్లకు దించండి. రా ఫైలు (సెన్సరు పట్టినదంతా దాచేది), వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర స్థిరంగా. ఆటోలో వదిలితే ఒక్కో ఫ్రేము ఒక్కో రంగులో వచ్చి తర్వాత కలపడం కష్టం.

ఇంటర్వల్ టైమర్‌లో (కెమెరా తనంతట తానే వరసగా ఫొటోలు తీసే అమరికలో) చాలామంది పొరబడేది ఒకటుంది. కెమెరాలో '15 సెకన్లు' అంటే నిజానికి 16. ఇంటర్వల్ కూడా 15 అని పెడితే ఒక ఫ్రేము తీసి ఒకటి వదిలేస్తుంది. 17–18 పెట్టండి. గంటకు రెండొందలు దాటతాయి. 24 మెగాపిక్సెల్ రా ఫైళ్లకు గంటకు 5–6 జీబీ పడుతుందనుకుని కార్డు ఖాళీ చేసుకుని పోండి.

మసకకు కారణం ఫోకస్. లైవ్ వ్యూలో దూరపు పడవ దీపాన్నో పోర్టు దీపాన్నో పెద్దది చేసి, ఆ చుక్క వీలైనంత చిన్నదయ్యేదాకా రింగు తిప్పండి. ఏఎఫ్-పి లెన్స్‌లో రింగుకీ అద్దాలకీ నేరుగా లింకు లేదు, మోటారే కదుపుతుంది. కెమెరా ఆపినా, స్టాండ్‌బైలోకి జారినా ఫోకస్ కదిలిపోవచ్చు. రింగుకు టేపు వేసినా లాభం లేదు. స్టాండ్‌బై సమయం పెంచుకోండి, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఫోకస్ చూసుకోండి.

శ్రీహరికోట_రాడార్‌చూపు:
కెమెరా సంగతి పైన చెప్పారు. దూరం తెలియకుండా అపర్చరు పెట్టలేరు, ఆ దూరం చెప్పేది రాడార్. శ్రీహరికోటలో డాప్లర్ రాడార్ ఉంది, మచిలీపట్నంలో ఇంకొకటి. వాతావరణ శాఖ సైటులో 'మాక్స్ జెడ్' అనే రాడార్ బొమ్మ తెరవండి. మధ్యలో పటం, పైనా పక్కనా రెండు పట్టీలుంటాయి. చాలామంది పటం చూసి వదిలేస్తారు, కానీ మబ్బు ఎత్తు చెప్పేది ఆ పట్టీలే. 45 డీబీజెడ్ (వాన తీవ్రతకు రాడార్ కొలత) దాటిన ముద్ద ఉండి, అది పట్టీలో 10 కి.మీ. పైకి లేచి ఉంటే మెరుపులు దండిగా ఉంటాయి. పటమంతా పరుచుకుని ఎత్తు 5–6 కి.మీ. దాటని పచ్చరంగు కేవలం ముసురు. దానికోసం పెట్రోలు కాల్చుకోవద్దు.

దామిని యాప్ కూడా పెట్టుకోండి, మీ చుట్టూ 20, 40 కి.మీ. పరిధిలో పడిన పిడుగుల్ని చూపిస్తుంది.

కాలాల విషయం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక పడమట వెలిగొండల వైపు మబ్బు లేస్తుంది, అప్పుడు పడమరకు తిరగాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాయలసీమ వైపు పుట్టిన ఉరుముల మబ్బు సాయంత్రానికి తూర్పుకు నడిచి, మన మీదుగా సముద్రం మీదికి పోతుంది. నా దృష్టిలో మైపాడుకైనా ఒంగోలు దగ్గరి కొత్తపట్నానికైనా ఇదే అసలైన కాలం: వాన మన మీద కురిసి వెళ్లిపోయాక తూర్పున మబ్బు నిలబడి మెరుస్తుంది, గాలి కడిగినట్టుంటుంది. ఈ నెలల్లో పైగాలులు తూర్పు నుంచి వీస్తాయి కాబట్టి మబ్బు తూర్పుకు పోతున్నా దాని పైకప్పు పడమరకు, మన నెత్తి మీదికి పరుచుకుంటుంది. ఆ కప్పు అడుగున మెరుపు చెట్టువేళ్లలా పాకుతుంది. 18 మి.మీ. పెట్టి లెన్స్ పైకెత్తండి.

ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో వస్తాయి. ఆ ముందు వెనక రెండు వారాలు రాత్రిపూట, తెల్లవారుజామున సముద్రం మీద మంచి మెరుపులుంటాయి. ముసురు పట్టాక వాన ఎక్కువ, మెరుపు తక్కువ.

లెన్స్ లెక్క ఒకటి: 15 కి.మీ. ఎత్తున్న మబ్బు 40 కి.మీ. దూరంలో ఉంటే దాదాపు 20 డిగ్రీల ఎత్తు కనిపిస్తుంది. మీ కెమెరాను నిలువుగా తిప్పి 50 మి.మీ. దగ్గర పెడితే మొత్తం మబ్బు పడుతుంది. 18తో తీస్తే అది అడుగున చిన్న దీపంలా ఉంటుంది.

ఉప్పుగాలి:
ఇద్దరూ చెప్పనిది నేను చెప్తా, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. చదునైన ఇసుకలో అందరికన్నా ఎత్తైనది మీరూ మీ ట్రైపాడే. మెరుపుకూ ఉరుముకూ మధ్య 3 సెకన్లకు 1 కి.మీ. లెక్క. 30 సెకన్లలోపు ఉరుము వినబడిందంటే 10 కి.మీ. లోపల ఉంది, కెమెరా అక్కడే వదిలి కారెక్కండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు దిగొద్దు. పైన వాన లేదు కదా అనుకోవద్దు. పిడుగు వాన అంచుకు 10 కి.మీ. బయటా పడుతుంది. తాటిచెట్ల కింద, వలల పాకల్లో, ఆటోలో నిలబడటం రక్షణ కాదు. ఇనుప టాపు ఉన్న కారు, లేదా పక్కా ఇల్లు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన అసలొద్దు.

కారులోంచే తీయొచ్చు. కిలో బియ్యం గుడ్డసంచిలో కట్టి డాష్‌బోర్డు మీద పెట్టి, కెమెరా దాని మీద కుదురుగా నొక్కండి. ఇంజిను ఆపాలి, లేకపోతే అదురుకు దీపాలన్నీ జంటలు జంటలుగా వస్తాయి. అద్దాలు పూర్తిగా ఎత్తి, లెన్స్ హుడ్ అద్దానికి ఆనించి, చుట్టూ నల్లగుడ్డ కప్పితే లోపలి వెలుగు ప్రతిబింబించదు.

లెన్స్ మీది తెరకు కారణాలు రెండు, మందులు వేరు. ఏసీ గదిలోంచో ఏసీ కారులోంచో తీసిన వెంటనే పట్టేది తేమ: కెమెరాను జిప్ కవర్లో మూసి, బయట అరగంట నుంచి గంట ఉంచి తీయండి. వస్తూ దారిలో కారు ఏసీ ఆపేసినా చాలావరకు తగ్గుతుంది. రెండోది ఉప్పు తుంపర. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయరుతో ఊది, మంచినీళ్లతో కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా అద్ది, తర్వాత పొడిగుడ్డ. అలల అంచు నుంచి వంద అడుగులు వెనక్కి జరిగితే సమస్య సగం తగ్గుతుంది. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా చాపి మంచినీళ్లతో కడగండి, లేకపోతే మరలు బిగుసుకుపోతాయి.

పెన్నాగట్టు:
ముగ్గురికీ ధన్యవాదాలు అన్నా. నాయిస్ రిడక్షన్ ఇప్పుడే ఆపేశా. ఇంకొక్కటి: నాలుగైదు ఫ్రేముల్లోని మెరుపుల్ని ఒకే ఫొటోలో కలపాలంటే? ఫోనుతో తీసే మా తమ్ముడికి కూడా ఏదైనా చెప్పండి.

వెలిగొండనీడ:
ట్రైపాడ్ కదలకుండా వరసగా తీసినవైతే లేయర్లుగా పెట్టి బ్లెండ్ మోడ్ 'లైటెన్' చేస్తే చాలు, జింప్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. పది నిమిషాలకు మించిన వరస కలపొద్దు. మబ్బు కదిలి అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి, పడవ దీపాలు చుక్కల వరసవుతాయి. ఎన్ని నిమిషాలవి కలిపారో ఫొటో కింద రాయడం మర్యాద.

ఫోనులో అపర్చరు మూయలేరు కాబట్టి దగ్గరి పిడుగు ఎలాగూ తెల్లముద్దగా పేలుతుంది. దూరపు మబ్బుకు ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 50, 4–8 సెకన్లు, ఫోకస్ మాన్యువల్‌గా కొండ గుర్తు దగ్గర. ఫోను గోడకో ఇటుకకో ఆనించి 3 సెకన్ల టైమర్ పెట్టమనండి, వేలు తగిలిన అదురు పోతుంది. వీడియోలోంచి ఫ్రేము తీసుకుంటే కొన్నిట్లో తెర సగం తెల్లగా, సగం నల్లగా అడ్డంగా తెగి ఉంటుంది. సెన్సరు వరసవరసగా చదువుతుండగా మెరుపు మధ్యలో వచ్చి పోయిందన్నమాట, ఫోను చెడిపోలేదు. పక్క ఫ్రేము చూసుకోమనండి.