అప్‌డేట్: డూమ్‌లో తుపాకీ మోత వినబడుతోంది

కొత్త ల్యాప్‌టాప్‌లో, పాత డాస్ ఆటలను నేటి కంప్యూటర్లలో నడిపించే డాస్‌బాక్స్ ద్వారా డూమ్ ఆట నడుస్తోంది, సంగీతమూ వస్తోంది, కానీ తుపాకీ మోతలు, తలుపుల చప్పుళ్లు మాత్రం వినబడడం లేదని కడప నుంచి నేను అడిగిన ప్రశ్నకు ఇది కొనసాగింపు. సమస్య తీరింది. ఐఆర్‌క్యూ సంఖ్య (కార్డు ప్రాసెసర్‌ను పిలవడానికి వాడే సంకేతం సంఖ్య) సరిచూడమని చెప్పిన ప్రొద్దుటూరు అన్నగారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

1993 నాటి ఈ ఆట సౌండ్ బ్లాస్టర్ అనే పాతకాలపు సౌండ్ కార్డుతో నేరుగా పని చేయించుకుంటుంది కనుక, ఆ కార్డు ఏ పోర్టులో (చిరునామాలో) ఉందో, ఏ ఐఆర్‌క్యూ, ఏ డీఎంఏ (మెమరీ నుంచి శబ్దం నేరుగా కార్డుకు చేరే దారి) వాడుతుందో దానికి ముందే తెలియాలి. ఆ కార్డును అనుకరించే డాస్‌బాక్స్‌లో సెట్ అని టైపు చేస్తే, బ్లాస్టర్ అన్న వరుసలో పోర్టు 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని కనబడ్డాయి. ఆట సెటప్‌లో మాత్రం ఐఆర్‌క్యూ 5 అని ఉంది. ఆడ్‌లిబ్ (పాత సంగీత కార్డు) తరహా సంగీతానికి ఐఆర్‌క్యూతో పని లేదు కాబట్టి అది ఎప్పటిలాగే మోగింది. రికార్డు చేసిన శబ్దాలకు ఐఆర్‌క్యూ తప్పనిసరి కాబట్టి అవి మూగబోయాయి. నాకు ఎంతో తృప్తినిచ్చిన వివరణ ఇదే.

సెటప్‌లో 7 ఎంచుకుని సేవ్ చేయగానే మొదటి గదిలోనే పిస్తోలు మోత స్పష్టంగా వినిపించింది. తర్వాత కాస్త చిటపటలు మిగిలాయి. డాస్‌బాక్స్ కాన్ఫిగరేషన్ ఫైలులో మిక్సర్ విభాగం కింద ప్రీబఫర్ (ముందుగా సిద్ధం చేసి ఉంచే శబ్దం) విలువను కొద్దిగా పెంచాను, అవీ పోయాయి. మరీ ఎక్కువ పెంచితే మీట నొక్కిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తుంది, గమనించగలరు.