నాట్య విద్యార్థినులకు హైదరాబాదులో ప్రదర్శనలు, చిత్రాలు ఎక్కడ చూపించవచ్చు?

నేను హైదరాబాదులోని ఒక డిగ్రీ కళాశాలలో కూచిపూడి బోధిస్తున్నాను. మా విద్యార్థినులు 12 మందీ తరంగం అనే కూచిపూడి అంశంలో ఇత్తడి పళ్లెం అంచుపై నిలబడి అడుగులు వేయగలరు గానీ, వారిలో చాలామంది సత్యభామ కథతో సాగే కూచిపూడి నృత్యనాటకం భామాకలాపాన్ని మొదటి నుంచి చివరి వరకు ఒక్కసారైనా ప్రత్యక్షంగా చూడలేదు. ఫోనులో రెండు నిమిషాల ముక్క చూడటాన్ని నేను చూడటంగా లెక్కించను. వారాంతాల్లో శిల్పారామానికి తీసుకువెళుతున్నాను. అయితే రవీంద్రభారతిలో జరిగే నృత్య ప్రదర్శనల వివరాలు ముందుగా తెలుసుకునే మార్గమేమిటో, అక్కడి పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటరులో భరతనాట్య కళాకారిణి బాలసరస్వతిపై సత్యజిత్ రాయ్ 1976లో తీసిన ‘బాల’ వంటి డాక్యుమెంటరీలను ప్రదర్శించాలంటే ఎవరికి దరఖాస్తు చేయాలో, చిత్ర హక్కుల అనుమతి ఎలా పొందాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు. రాత్రి 9 గంటలలోపు ముగిసేవైతే మేలు; ఆ తర్వాత హాస్టలు గేటు తెరవరు.