ఏసీ వేస్తే తేమ పోతోంది, ఆపితే గది ఉడికిపోతోంది... పుట్టగొడుగులకి ఏం చేయాలి?

నమస్తే అండీ. మాది కరీంనగర్ దగ్గర పల్లెటూరు, మేడ మీద 10 బై 12 గదిలో ఆయిస్టర్ పుట్టగొడుగులు పెంచుతున్నాను, వరిగడ్డి బ్యాగులు 80 దాకా ఉంటాయి. చలికాలమంతా గోనె పట్టాలు తడిపి వేలాడదీస్తే సరిపోయింది. ఎండలు ముదిరాక గోడలకి థర్మాకోల్ కొట్టి, కిటికీ సందులన్నీ మూసేసి, టన్నున్నర ఏసీ పెట్టించాను, అక్కడే మొదలైంది తంటా.

ఏసీ 24లో పెడితే గంటలో తేమ 90 శాతం నుంచి 60కి పడిపోతుంది, మొగ్గలు అంచుల దగ్గర ఎండి గోధుమ రంగుకి తిరిగి అక్కడే ఆగిపోతున్నాయి. సరే అని ఫాగర్ (నీళ్లని సన్నటి మంచులా చిమ్మే మిషన్) పెట్టా. అది పోసిన నీళ్లన్నీ ఏసీ పైపులోంచి బయట బకెట్‌లోకి వచ్చేస్తున్నాయి (రోజుకి రెండు బకెట్లు, నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు). ఫాగర్ ఎక్కువసేపు వేస్తే గొడుగుల మీద నీటి బొట్లు నిలిచి పసుపు మచ్చలు. పైగా గది మూసేశాను కదా, కాడలు వేలెడంత సాగి గొడుగు మాత్రం షర్టు గుండీ అంతే వస్తోంది, అది కార్బన్ డయాక్సైడ్ వల్లే అని నాకూ తెలుసు, కానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే చల్లదనం, తేమ రెండూ పోతాయి.

ఏసీ ఫ్యాన్ స్పీడు తగ్గిస్తే తేమ ఇంకా ఎక్కువే లాగుతుందంటున్నారు, నిజమేనా? ఎగ్జాస్ట్ టైమర్ గంటకి ఎన్ని నిమిషాలు పెడుతున్నారు? లేక ఈ వేసవి అయిపోయే వరకు ఏసీ ఆపేసి వేడి తట్టుకునే పాల పుట్టగొడుగులకి మారిపోనా? చేసి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.