ప్రతి విజిట్‌కీ కీళ్ల అల్ట్రాసౌండ్ కావాలా?

మౌలాలి అబ్బాయి:
అమ్మకు 58 ఏళ్లు. ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచి నొప్పిపుట్టే జబ్బు. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది, బాగానే ఉంది. కొత్త డాక్టర్ మూడు నెలలకోసారి చేతులకు, మణికట్లకు అల్ట్రాసౌండ్ తీయించమంటున్నారు. అవసరమా?

మల్కాజ్‌గిరి మాస్టారు:
అక్కర్లేదు బాబూ. నార్వేలో 230 మందికి పైగా కొత్త పేషెంట్లను రెండు జట్లు చేసి రెండేళ్లు చూశారు. ఒక జట్టుకు స్కాన్ చూసి మందులు మార్చారు. రెండో జట్టుకు డాక్టర్ చేత్తో నొక్కి చూసి, మామూలు పరీక్షలతోనే నడిపారు. జబ్బు అదుపులో ఉండి, ఎక్స్‌రేలో కీళ్లు చెడకుండా నిలిచినవాళ్లు స్కాన్ జట్టులో 22 శాతం, రెండో జట్టులో 19 శాతం. అది లెక్కలోకి వచ్చే తేడా కాదని వాళ్లే రాశారు. 2016లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. పైగా స్కాన్ జట్టుకు ఖరీదైన బయోలాజిక్ మందులే ఎక్కువ పడ్డాయి.

రామంతపూర్ అక్క:
మాస్టారూ, జబ్బు ఎంత ఉందో డాక్టర్లు లెక్కగట్టే డాస్ 28 స్కోరులో పాదాలు ఉన్నాయా?

మల్కాజ్‌గిరి మాస్టారు:
నేను చెప్పింది అది కాదమ్మా.

రామంతపూర్ అక్క:
నేను అడిగింది అదే. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్లు, మోకాళ్లు కలిపి 28 కీళ్లు. చీలమండలు లేవు, కాలివేళ్లు లేవు. నాకు జబ్బు మొదలైందే కాలివేళ్ల దగ్గర.

నల్లకుంట 72:
డాక్టర్ గదిలోనే మెషిన్ పెట్టుకోవచ్చు కదా, మమ్మల్ని వేరే సెంటర్‌కి ఎందుకు తిప్పుతారు?

స్కాన్ రూమ్:
అల్ట్రాసౌండ్ మెషిన్ ఏదైనా సరే, లింగ నిర్ధారణను ఆపడానికి 1994లో తెచ్చిన చట్టం కింద రిజిస్టర్ చేయించాలి. కీళ్లకు మాత్రమే వాడతామన్నా అంతే. ఆ తిప్పలు పడలేక చాలామంది బయటికి పంపుతారు.

ఇంకో మాట. అల్ట్రాసౌండ్‌లోనే రక్తం పారడాన్ని చూపే పవర్ డాప్లర్‌లో కీలు లోపలి పొరకు రక్తం ఎక్కువగా పారుతుంటే రంగు కనబడుతుంది. అక్కడ మంట, అంటే జబ్బు వల్ల వచ్చే లోపలి వాపు, ఉన్నట్టు. దాన్ని 0 నుంచి 3 వరకు గ్రేడ్ చేస్తారు. చర్మం మీద ఆనించే ప్రోబ్‌ను గట్టిగా అదిమితే ఆ రంగు మాయమవుతుంది. ముందురోజు నొప్పిమాత్ర వేసుకున్నా తగ్గొచ్చు. చేసే మనిషిని బట్టి రిపోర్ట్ ఉంటుంది.

మల్కాజ్‌గిరి మాస్టారు:
విన్నారుగా! అదిమితే మాయమయ్యే దానికి మూడు నెలలకోసారి డబ్బు కట్టాలా? ఇది సెంటర్ల వ్యాపారం.

రామంతపూర్ అక్క:
మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుందా, లేక పేపర్లు చదివి చెబుతున్నారా?

మల్కాజ్‌గిరి మాస్టారు:
నా భార్యకు 14 ఏళ్లుగా ఉంది. నిరుడు స్కాన్‌లో మంట లేదని రాశారు. ఆ కాగితం చూసి మా అబ్బాయి "నీకేం లేదటమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె నొప్పి అనడం మానేసింది. ఒక రాత్రి చేతిలోంచి పాలగిన్నె జారి పడితే గానీ నాకు తెలియలేదు. మనిషి మాట కంటే ఆ కాగితం ఎక్కువైందా?

రామంతపూర్ అక్క:
నా మాట ఏడాదిపాటు ఎవరూ నమ్మలేదు మాస్టారూ. మంటను చూసే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ నార్మల్. టెన్షన్ అన్నారు. పని తప్పించుకుంటోందని మా అత్తగారు అన్నారు. చివరికి ఒక డాక్టరమ్మ స్క్రీన్ మా ఆయన వైపు తిప్పి, మణికట్టులో ఎర్రగా కనబడేది చూపించారు. ఆ రోజు నుంచి నీళ్ల బిందె ఆయనే ఎత్తుతున్నాడు. అందుకే స్కాన్ దండగ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

స్కాన్ రూమ్:
మాస్టారూ, స్కాన్ చూపించేది మంటను. నొప్పిని చూపించలేదు. పాత అరుగుదల వల్ల, ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా వల్ల కూడా నొప్పి ఉంటుంది. మంట లేదని తేలితే పెద్ద మందు పెంచకుండా ఆగొచ్చు, నొప్పికి వేరే కారణం వెతకొచ్చు. మీ ఇంట్లో ఆ వెతకడం ఎవరూ చేయలేదు.

మల్కాజ్‌గిరి మాస్టారు:
మరి ఆ ముక్క రిపోర్ట్ మీద ఎందుకు రాయరు?

రామంతపూర్ అక్క:
అది అడగాల్సిందే. అమ్మగారిని మళ్లీ చూపించండి మాస్టారూ.

మౌలాలి అబ్బాయి:
ఇదంతా చదివి అమ్మని అడిగాను. పొద్దున లేవగానే పాదాలు పట్టేస్తాయట, అరగంట దాకా నేల మీద ఆనించలేదట. ఆరేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు. మంగళవారం వెళ్తున్నాం. పాదాల సంగతి ముందు చెప్పి, స్కాన్ ప్రతిసారీ కావాలా, అనుమానం వచ్చినప్పుడు చాలా అని అడుగుతాను.

మల్కాజ్‌గిరి మాస్టారు:
ఫీజు ముందే కనుక్కో బాబూ.