విదేశీ ట్రిప్పులో తప్పు చేస్తే పిల్లాణ్ణి మధ్యలోనే వెనక్కి పంపేయొచ్చా?

కూకట్‌పల్లి_అమ్మ
మా వాడు తొమ్మిదో తరగతి. దసరా సెలవుల్లో వాళ్ల స్కూల్ సింగపూర్, మలేషియా ట్రిప్ పెట్టింది. నిన్న సంతకాల కోసం నాలుగు పేజీల ఫారం ఇంటికి పంపారు. అందులో ఒక షరతు దగ్గర ఆగిపోయాను. క్రమశిక్షణ తప్పిన పిల్లల్ని ట్రిప్ మధ్యలోనే వెనక్కి పంపేస్తారట. టికెట్ ఖర్చు మనదే, కట్టిన డబ్బులో పైసా తిరిగి రాదు. క్రమశిక్షణ తప్పడం అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు. రాత్రి పక్క గదిలో కూర్చుని కబుర్లాడినా అదేనా? మా ఆయన "పెట్టెయ్ సంతకం, ఆ మాత్రం భయం ఉండాలి" అంటున్నారు. నాకు చెయ్యి రావడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

చాక్‌పీస్
మేడమ్, నేను టీచర్ని. దుబాయ్‌కి పిల్లలతో వెళ్లొచ్చినవాణ్ణి. ఆ షరతు ఉండాల్సిందే. ఇంట్లో మీ ముందు నోరు విప్పని పిల్లాడు అక్కడ నలుగురు స్నేహితులు చేరేసరికి వేరే మనిషైపోతాడు. రాత్రి పదిన్నరకి గదులన్నీ తిరిగి తలలు లెక్కపెట్టుకుని, ఒక్కో తలుపుకీ గుమ్మానికీ కలిపి చిన్న టేపు ముక్క అంటిస్తాం. టేపు ఊడిందంటే ఎవరో బయటికొచ్చినట్టే. ఒకసారి పన్నెండు దాటాక చూస్తే ఒక గదికి ఊడి ఉంది. ఇద్దరు లేరు. లిఫ్టెక్కి పై అంతస్తు స్విమ్మింగ్ పూల్ దగ్గరికి వెళ్లి, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు. ఇద్దరికీ ఈత రాదు. "ఊరికే చూద్దామని సార్" అన్నారు. వాళ్లు దొరికేదాకా నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకోసారి కదిలితే రేపే ఫ్లైట్ ఎక్కిస్తానన్నాను. ట్రిప్ అయ్యేదాకా కిక్కురుమనలేదు.

వెనక_బెంచి
నిజంగా ఎక్కించేవారా సార్? ఎక్కించలేనిది కాగితం మీద ఎందుకు మరి?

చాక్‌పీస్
ఎక్కించాల్సిన అవసరం రాలేదు. లాఠీ ఉన్నది రోజూ కొట్టడానికా?

సింగపూర్_తెలుగోడు
నేనుండేది ఇక్కడే కాబట్టి చెప్తున్నా. అల్లరి వేరు, నేరం వేరు. ఇక్కడ ఏవి నేరాలో మన పిల్లలకి ఎవరూ చెప్పి పంపరు. ఈ-సిగరెట్ తాగక్కర్లేదు, బ్యాగులో ఉంటే చాలు, 2018 నుంచి నేరం. చూయింగ్ గమ్ తేకూడదు, 1992 నుంచీ అంతే. గోడల మీదా బండ్ల మీదా పెయింట్‌తో రాతలు రాస్తే వ్యవహారం బెత్తం దెబ్బల దాకా వెళ్లొచ్చు. 1994లో మైకేల్ ఫే అనే 18 ఏళ్ల అమెరికా కుర్రాడికి అదే జరిగింది. కార్ల మీద పెయింట్ చల్లిన కేసు. సాక్షాత్తూ అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ అడిగితే ఆరు దెబ్బలు నాలుగయ్యాయి, అంతే.

ఇంకోటి, ఇది తల్లులకి. కూరపొడుల్లో గసగసాలు వేసి పంపకండి. దుబాయ్‌లో అవి మాదకద్రవ్యాల కింద లెక్క, ఇక్కడికీ అనుమతి లేకుండా తేకూడదు. ఇలాంటివాటిలో ఇరుక్కుంటే వెనక్కి పంపుతామన్న స్కూల్ షరతు ఎందుకూ పనికిరాదు. ముందు పోలీసులు వదలాలి కదా!

ప్లీడర్_వీధి
ఫారంలో ఏముందో అందరూ చూస్తున్నారు. ఏం లేదో చూడండి. అమెరికాలో హాచ్‌కిస్ అనే స్కూల్ 2007లో పిల్లల్ని చైనా తీసుకెళ్లింది. కొండ మీదికి వెళ్లొచ్చాక ఒక పదిహేనేళ్ల అమ్మాయికి పిడుదు కాటు వల్ల మెదడువాపు వచ్చి మాట పడిపోయింది. ఏం జరిగినా స్కూల్‌ని బాధ్యుల్ని చేయమని తల్లిదండ్రులు ముందే సంతకం పెట్టి ఉన్నారు. అయినా 2013లో జ్యూరీ నాలుగు కోట్ల డాలర్లకి పైగా పరిహారం ఇవ్వమంది. పురుగుల నుంచి వచ్చే తీవ్రమైన జబ్బుల గురించి పిల్లల్ని హెచ్చరించి కాపాడుకోవడం స్కూల్ బాధ్యతేనని 2017లో ఆ స్కూల్ ఉన్న కనెక్టికట్ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఒంటికి పురుగుల మందు రాసుకోండి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి అని ఒక్క ముక్క చెబితే పోయేదానికి!

మన దాకా వస్తే, విదేశం కాదు గానీ, 2014 జూన్‌లో బియాస్ నదిలో 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వమన్నప్పుడు అందులో 30 శాతం కాలేజీ మీద వేసింది.

నిజాంపేట_నాన్న
అన్నీ స్కూళ్ల నెత్తినే రుద్దితే రేపు ఎవరూ గేటు బయటికి కూడా తీసుకెళ్లరు. నీళ్ల దగ్గరికి వెళ్లొద్దంటే వింటారా మన పిల్లలు? సెల్ఫీ పిచ్చి. చెప్పిన మాట వింటే సగం ప్రమాదాలు ఉండవు.

వెనక_బెంచి
పోయిన పిల్లల గురించి అలా మాట్లాడకండి. డ్యామ్ గేట్లు ఎప్పుడు ఎత్తుతారో వాళ్లకేం తెలుసు? ఇక చెప్పిన మాట వినడం గురించి అంటే, అదే 2014 ఏప్రిల్‌లో కొరియాలో సెవోల్ ఓడ మునిగింది. స్కూల్ ట్రిప్పే. ఉన్నచోటే ఉండమని మైకులో చెప్పారు. పిల్లలు విన్నారు. ఒకే స్కూల్ పిల్లలు 250 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాది జూన్‌లో సింగపూర్ నుంచి మలేషియాలోని కినబాలు కొండ ఎక్కడానికి వెళ్లిన ప్రైమరీ స్కూల్ పిల్లలు ఏడుగురు భూకంపంలో పోయారు, ఇద్దరు టీచర్లు కూడా. అక్కడ ఎవరు క్రమశిక్షణ తప్పారు?

ఏలూరు_రోడ్
ట్రావెల్స్‌లో పనిచేస్తాను, గ్రూప్ బుకింగులే నా పని. ఆ షరతు అమలు చేస్తే ఏమవుతుందో వినండి. గ్రూప్ టికెట్లో ఒక్కరి రిటర్న్ మార్చడం సాధారణంగా కుదరదు, కొత్త టికెట్ కొనాలి. అది డబ్బుతో పోయే పని. పిల్లాణ్ణి ఎయిర్‌పోర్టుకి ఎవరు తీసుకెళ్తారు? ఒక టీచర్. చెక్-ఇన్ చేయించి, వాడు లోపలికి వెళ్లేదాకా నిలబడి, మళ్లీ హోటల్‌కి వచ్చేసరికి సగం రోజు పోతుంది. ఆ సగం రోజు మిగతా పిల్లల దగ్గర ఒక టీచర్ తక్కువ. ఆ టీచరే విమానం కూడా ఎక్కితే ఇక ట్రిప్ అంతా తక్కువే. ఒక్క పిల్లాడి అల్లరికి అందరి కాపలా తగ్గించుకోవడం అన్నమాట. ఒంటరిగా పంపితే ఇంకా దారుణం. పన్నెండేళ్లు దాటితే చాలా ఎయిర్‌లైన్స్ మామూలు ప్రయాణికుడిలాగే ఎక్కించుకుంటాయి. అలిగి, ఏడుస్తూ ఉన్న పిల్లాణ్ణి పంపాల్సిన తీరా అది?

నేనైతే షరతు గురించి గొడవపడను. ఎంతమంది పిల్లలకి ఎంతమంది టీచర్లు అని అడుగుతాను.

కూకట్‌పల్లి_అమ్మ
ఇప్పుడే స్కూల్‌కి ఫోన్ చేశాను. 44 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, టూర్ కంపెనీ మనిషి ఒకరు. అమ్మాయిలు 19 మంది, వెళ్లేది ఒక్కరే లేడీ టీచర్. ఆవిడకి జ్వరం వస్తే ఎవరు చూస్తారంటే "అలా ఏం కాదు మేడమ్" అన్నారు! ఫోన్లు రాత్రి తొమ్మిదికి తీసేసుకుంటారట, దానికి నాకేం అభ్యంతరం లేదు.

నిజాంపేట_నాన్న
ముగ్గురేనా? ఒక టీచర్ ఎయిర్‌పోర్టుకి వెళ్తే మిగిలేది ఇద్దరే. నా కూతురైతే పంపను.

చాక్‌పీస్
షరతు వద్దని నేను ఇప్పటికీ అనను. కానీ 44 మందికి ముగ్గురంటే ఆ టీచర్లకి రాత్రి నిద్రే ఉండదు, పగలు రోడ్డు దాటించేటప్పుడు తూగుతుంటారు. మేడమ్, ఈ సంగతి మీటింగ్‌లో నలుగురు తల్లిదండ్రులు కలిసి అడగండి. ఇంకో టీచర్ని పంపండని మేము అడిగితే ఖర్చు అంటారు. మీరు అడిగితే వింటారు.