'ధనురాఘాతం' అనవచ్చునా?

ప్రశ్న: సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి వీచే విద్యుదావేశిత కణాల ప్రవాహం, భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఎదుర్కొనే చోట ఏర్పడే 'బో షాక్'ను ఒక అనువాద వ్యాసంలో 'ధనురాఘాతం' అని రాశారు. సమాసం వినసొంపుగానే ఉంది. అర్థం సరిపోయిందా?

సమాధానం: సంధిలో దోషం లేదు గాని, పూర్వపదం దారి తప్పింది. ఇక్కడి 'బో' విల్లు కాదు, ఓడ ముందు కొన. వేగంగా సాగే ఓడ ముందు నీరు పొంగి రెండు పక్కలకూ చీలినట్టే ఇక్కడా జరుగుతుంది. కాకపోతే ఇక్కడ సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో మీదికి వచ్చేది ప్రవాహమే. అది భూమికి సుమారు 90,000 కిలోమీటర్ల ఇవతలే, సూర్యుడి వైపున, ఒక్కసారిగా మందగించి, వేడెక్కి, పక్కలకు మళ్ళుతుంది. 1963 నవంబరులో ప్రయోగించిన ఐఎంపీ-1 ఉపగ్రహం ఈ హద్దును స్పష్టంగా చూపింది. కనుక 'అగ్రాఘాతం' అంటే నప్పుతుంది. 'ముఖాఘాతం' అన్నా తప్పు కాదు గాని, వినగానే చెంపదెబ్బ స్ఫురిస్తుంది.

నిజానికి ఎక్కువ ఆలోచించవలసింది ఉత్తరపదం గురించి. మనం పీల్చే గాలిలో ఆఘాత తరంగం పుట్టాలంటే అణువులు ఒకదానినొకటి ఢీకొనాలి. సౌరపవనం ఎంత పలచనిదంటే, అందులోని కణం మరొక దానిని ఢీకొనేలోగా సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, అంటే సూర్యుడికీ భూమికీ ఉన్నంత దూరం, పోగలదు. అయినా ఈ హద్దు మందం కొన్నిచోట్ల వంద కిలోమీటర్లు కూడా ఉండదు. అభిఘాతాల బదులు ప్రవాహాన్ని నిలువరించే పని విద్యుదయస్కాంత క్షేత్రాలు, వాటిలో లేచే ప్లాస్మా (ఆవేశిత కణాల వాయువు) తరంగాలు చేస్తాయి.

మరొక సభ్యుడు: దీర్ఘం మరచి 'అఘాతం' అని రాసేవారు చాలామంది ఉన్నారు. ఆ రూపానికి 'దెబ్బ లేనిది' అన్న అర్థం వస్తుంది కనుక, ఈ ఒక్కచోట అచ్చుతప్పే ఒప్పయిందన్నమాట! మరి ఈ హద్దుకు ముందున్న ప్రాంతాన్ని పిలిచే 'ఫోర్‌షాక్' మాటేమిటి? భూకంపాల వార్తల్లో దానిని 'ముందస్తు ప్రకంపన' అంటున్నారు.

సమాధానం: ఇక్కడ ఆ మాట పనికిరాదు, ఎందుకంటే భూకంపంలో 'ముందు' కాలాన్ని చెబుతుంది, ఇక్కడ చోటును చెబుతుంది. 'ఆఘాతపూర్వ మండలం' కన్నా 'ఆఘాత పురోభాగం' మేలని నా అభిప్రాయం. అగ్రాఘాతం వద్ద తిరగ్గొట్టబడిన అయాన్లు అయస్కాంత రేఖల వెంట సూర్యుడి వైపుకు ఎదురెక్కి, వచ్చే ప్రవాహంలో సుమారు 30 సెకన్ల ఆవర్తన కాలం గల తరంగాలను లేపుతాయి. ఎదురెక్కిన ఎలక్ట్రాన్లు లేపేవి వేరు, వాటి పౌనఃపున్యం సెకనుకు వేల ఆవృత్తులు. 30 సెకన్ల తరంగాలు సూర్యుడి వైపే ఈదబోతాయి, అయితే వాటి వేగం సౌరపవన వేగంలో చిన్న భాగమే కావడంతో ఎదురీదుతూనే భూమి వైపు కొట్టుకొస్తాయి. వాటి ప్రభావం లోపలికి చేరి, నేల మీది అయస్కాంత మాపకాలలో పగటివేళ 10 నుంచి 45 సెకన్ల ఆవర్తన కాలం గల సన్నని స్పందనలుగా నమోదవుతుంది.