వేపాకు ఫంగస్ మూడో సబ్‌కల్చర్‌కే మొండికేసింది

వేపపుల్ల: ఓయూ క్యాంపస్ వేపాకుల్లోంచి తీసిన ఫంగస్. మొదటి ఎక్స్‌ట్రాక్ట్‌కి స్టాఫ్ (స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా) ప్లేట్ మీద 14 మి.మీ. జోన్, అంటే బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం, వచ్చింది, గైడ్‌కి ఫొటో కూడా పంపేశా. ఫంగస్‌ని కొత్త ప్లేట్‌లోకి మార్చి పెంచుతూ పోతే, మూడో సబ్‌కల్చర్‌కి జోన్ మాయం. ఏం చేయాలి? పనిలో పని, ఎక్స్‌ట్రాక్ట్ తీసే ద్రావకం ఇథైల్ అసిటేట్ సిటీలో చవగ్గా ఎక్కడ దొరుకుతుంది?

తార్నాక బావ: మా సంఘంలోకి స్వాగతం తమ్ముడూ. 1993లో యూ చెట్టులో ఉండే టాక్సోమైసిస్ ఆండ్రియానె అనే ఫంగస్ క్యాన్సర్ మందు టాక్సాల్ చేస్తోందంటే, ఇక యూ చెట్టు బెరడు వలిచే పని తప్పిందని అందరూ సంబరపడ్డారు. తీరా వచ్చింది లీటరుకు నానోగ్రాముల్లో. 2013లో మళ్లీ గాలిస్తే, అది సొంతంగా చేస్తుందనడానికి ఆధారమే దొరకలేదు.

ప్లేటు రాజా: అసలది ఆకు లోపలిదేనా? ఆకు పైనున్నవి చావడానికి బ్లీచ్‌లో ముంచి కడిగాక, ఆఖరి కడుగునీళ్లు ప్లేట్ మీద పోసి చూశావా?

వేపపుల్ల: చూశానండీ. ఏమీ మొలవలేదు.

ప్లేటు రాజా: బ్లీచ్ ఎంతసేపు?

వేపపుల్ల: మూడు నిమిషాలు. కిరాణాకొట్టు బాటిల్.

ప్లేటు రాజా: అదీ సంగతి! మే ఎండకి అందులో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయుంటుంది. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నా, నాకు చెప్పకు.

తార్నాక బావ: కడుగునీళ్లలో ఏమీ రాలేదని చెప్పాక కూడా బ్లీచ్ గోలేంటి? పదిహేనేళ్లు ప్లేట్లు కడిగినట్టున్నారు.

ప్లేటు రాజా: నోరు జాగ్రత్త.

వికారాబాద్ రైతు: మీ గొడవ తర్వాత. మా పొలం గట్టు మీద వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోతున్నాయి. ఫోమాప్సిస్ అనే ఫంగస్ అంటున్నారు. మీరు పెంచేది అదేనా?

తార్నాక బావ: ఆ జాతివాళ్లు ఆకులో చప్పుడు చేయకుండా కూడా ఉంటారన్నా. చెట్టు నీరసించినప్పుడు కొందరు బయటపడతారు.

వికారాబాద్ రైతు: అంటే ఇంట్లో ఉన్న దొంగేగా!

గ్లిసరాల్ గీత: వేపపుల్లా, మొదటి ప్లేట్ నుంచే కొంత గ్లిసరాల్‌లో కలిపి స్టాక్ చేసి మైనస్ 80 డిగ్రీల్లో దాచాల్సింది. ఇప్పుడు మీడియాలో వేపాకు కషాయం కలిపి పెంచి చూడు, కొన్నిసార్లు తిరిగొస్తుంది. ఇంతకీ ఎక్స్‌ట్రాక్ట్ అద్దిన ఆ మొదటి కాగితం డిస్క్ బాగా ఆరాకే పెట్టావా? పోల్చడానికి ఉత్త ఇథైల్ అసిటేట్ డిస్క్ పక్కనే ఉందా? ఆరకపోతే ఆ ద్రావకమే జోన్ ఇచ్చేయొచ్చు.

వేపపుల్ల: ...పెట్టలేదు. ఆరోజు కరెంటు పోయింది, తొందరలో తడిగానే పెట్టేశా.

ప్లేటు రాజా: 😂

వేపపుల్ల: గైడ్ ఆ ఫొటో నా రీసెర్చ్ సినాప్సిస్‌లో పెట్టేశారు.

వికారాబాద్ రైతు: మా చెట్లకి ఏం కొట్టమంటారు?